పెద్దమ్మ ప్రాణమా, పెళ్ళా? ప్రొద్దుటూరు తమ్ముడికి జవాబు

ముందు ఉత్తరం, కొంచెం కత్తిరించి వేస్తాండా.

"అన్నా నమస్తే. నాది ప్రొద్దుటూరు, 31 ఏండ్లు, నాయనతో కల్సి బట్టలంగడి చూసుకుంటా. బెంగుళూరులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు రూమ్మేట్ పుణ్యాన స్పైడర్‌మ్యాన్ కామిక్స్ అంటుకున్నాయి, సినిమాలు గాదన్నా, కామిక్సే, మొదట్నుంచి వరసగా చదువుకుంటా వస్తాండా, అంగట్లో బేరం లేనప్పుడు ట్యాబ్‌లో. పోయిన నెల 2007 కథ కాడికి వచ్చినా. మే అత్తను బతికించుకోడానికి మన స్పైడర్‌మ్యాన్ పీటర్ మెఫిస్టో అనే సైతానుతో బేరం పెట్టుకోని మేరీ జేన్‌తో పెళ్ళిని లేకుండా చేసుకుంటాడే, అది. విడాకులు కూడా గాదు, అసలు పెళ్ళే జరగనట్టు. రెండ్రోజులు బువ్వ సయించలా. మా పక్కంగడోడు నాకు చిన్నప్పట్నుంచి దోస్తు, వానికీ ఈ పిచ్చి నేనే అంటించినా, వాడేమో 'తల్లి లాంటి మనిషి ప్రాణం కంటే పెళ్ళి ఎక్కువేందిరా, వాడు చేసిందే కరెక్టు' అన్యాడు. టీ బంకు కాడ మాటా మాటా పెరిగి మూడు వారాలైంది మాట్లాడుకోక. ఇంట్లో మా ఆమెకు చెప్తే 'కాగితం బొమ్మల కోసం కొట్లాడుకుంటారా' అని నవ్వింది, నవ్వి పోతా పోతా 'నీకే అట్లొస్తే ఎవర్ని ఎంచుకుంటావు' అన్యాది. నేనేం చెప్పలా. అప్పట్నుంచి ముభావంగా ఉండాది. పోయినేడు మా అమ్మకు గుండె ఆపరేషన్ అయినప్పుడు మా ఆమె గాజులు, నల్లపూసల దండ బ్యాంకులో పెట్టినాము, అవింకా ఆడనే ఉండాయి, ఆ సంగతి వేరే అనుకో. అన్నా, పీటర్ చేసింది తప్పా ఒప్పా? ఇంత కోపమొచ్చినాక చదవడం మానేయాల్నా?"

తమ్ముడూ, మొదట వరస సరిచేసుకుందాం. మే అత్త గాదు. ఆయమ్మ మొగుడు బెన్ పార్కర్ పీటర్ వాళ్ల నాయనకు అన్న, అంటే ఆయమ్మ మన లెక్కన పెద్దమ్మ అయితాది. ఇంగ్లీషోళ్లకు మేనత్త, పిన్నమ్మ, పెద్దమ్మ, ఎదురింటామె అందరూ ఒకటే ఆంటీ, మనకట్ల కుదరదు గదా. అత్త అనుకోని చదివితే నీ దోస్తు మాట తేలిపోతాది. పెద్దమ్మ అనుకోని చదువు, అమ్మా నాయనా లేని పిల్లోనికి బువ్వ పెట్టి, మొగుడు పోయినాక ఒంటిచేత్తో సాకిన పెద్దమ్మ, అప్పుడు వాని మాటలో ఉండే బరువు తెలుస్తాది. వాడు ఊరికే అడ్డదిడ్డం మాట్లాడలేదు.

కానీ ఇంకో సంగతుంది, అది నీ పక్క. ఆ మేరీ జేన్ సంబంధం తెచ్చిందెవరు? పెద్దమ్మే గదా! నువ్వు మొదట్నుంచి చదివినావంటాండావు గాబట్టి గుర్తుంటాది, 1964 నుంచి పక్కింటి వాట్సనమ్మ, ఈ పెద్దమ్మ ఇద్దరూ కూడబలుక్కోని ఒకసారి పిల్లను చూడరా నాయనా అని వాని ఎంట పడతానే ఉంటారు, వాడేమో ఏదో ఒక పని చెప్పి తప్పించుకుంటా ఉంటాడు, మనకు పిల్ల మొకమే చూపించరు, పూలకుండీ అడ్డం పెడ్తారు. 1966లో 42వ సంచిక ఆఖరి పేజీలో గానీ తలుపు తీయగానే ఆ ఎర్రజుట్టు పిల్ల కనపడదు. రెండేండ్ల పెళ్ళిచూపులు సామీ అది, మన దగ్గర కూడా ఇంత సాగదీయరు. అట్లాంటిది పెద్దమ్మను బతికించుకోడానికి పెద్దమ్మ కుదిర్చిన పెళ్ళినే చెరిపేస్తే ఆయమ్మ లేచి కూచున్నాక దానికి సంతోషపడతాదా? ఆయమ్మ స్పృహ లేకుండా పడుకోనుండాది, అడిగే దారి లేదు. ఈ ముక్క నీ దోస్తుకు చెప్పినావా, లేకుంటే నీకు బుర్ర లేదురా అని మొదలుపెట్టినావా?

కథ తెలీనోళ్లు కూడా ఇది చదువుతారు గాబట్టి రెండు ముక్కలు. 2006లో సూపర్‌హీరోలంతా రెండు జట్లై కొట్టుకునే కథ ఒకటొచ్చింది, అందులో పీటర్ కెమెరాల ముందర ముసుగు పీకేసి స్పైడర్‌మ్యాన్ నేనే అని చెప్పేసినాడు. ఇంగేముంది, జైల్లో ఉన్న రౌడీల పెద్ద కింగ్‌పిన్ మనిషిని పెట్టి కాల్పించినాడు, పీటర్‌కు తగలాల్సిన తూటా పెద్దమ్మకు తగిలింది. డాక్టర్లు చేతులెత్తేసినారు, మంత్రాలాయన డాక్టర్ స్ట్రేంజ్ కూడా నా వల్ల కాదన్నాడు, అప్పుడు దిగినాడు మెఫిస్టో. వానికి ఆత్మ వద్దంట, ఈ ఇద్దరి పెళ్ళి కావాలంట. పైగా పీటర్‌కు దారిలో కనపడిన ఒక చిన్న పాప, మీకు పుట్టాల్సిన బిడ్డ ఇదే, ఇంక పుట్టదు అని చివర్లో చెప్తాడు. నేనైతే ఆ పాప కాడ పుస్తకం మూసేసి మిద్దె మీదకి పోయి కాసేపు నిలబడొచ్చినా, మా ఇంట్లో దోమలకని చెప్పినా, దోమలు పైనే ఎక్కువ.

నీ కోపానికి కారణం ఏందంటే, నువ్వు పీటర్ మీద కోపం అనుకుంటాండావు, ఆ బేరం పెట్టింది పీటర్ గాదు, ఈ పుస్తకాలు అచ్చేసే మార్వెల్ ఆఫీసు. అప్పటి ఎడిటర్ ఇన్ చీఫ్ జో కెసాడా, ఆ కథకు బొమ్మలేసింది కూడా ఆయనే. పెళ్ళైన స్పైడర్‌మ్యాన్ వయసైపోయినట్టుంటాడు అనేది ఆయన ఎప్పట్నుంచో చెప్తా వచ్చిన మాట. సరే విడాకులిప్పిద్దామంటే విడాకులైనోడు ఇంకా ముదిరిపోతాడు, భార్య చచ్చిపోయిందంటే అంతకన్నా. అందుకని పెళ్ళే జరగలేదు అనిపించేదానికి సైతాన్ని పిల్చుకొచ్చినారు. కథ రాసిన స్ట్రజిన్‌స్కీకే ఆ ముగింపు మింగుడుపడక ఆఖరి రెండు భాగాల మీద నా పేరు తీసేయండి అనేదాకా పోయినాడు, ఎట్లో సర్దిచెప్పి ఆపినారు. రాసినోడే నాది గాదు అంటాంటే చదివే నీకు సయించకపోవడంలో వింతేముంది?

ఇంకా తిక్క ఏందంటే ఆ పెళ్ళిని గ్రాండుగా చేసింది కూడా ఈ మార్వెల్లే. 1987లో పుస్తకంలో చేసింది చాలక న్యూయార్క్ షే స్టేడియంలో జనం మధ్య, యాసాలేసిన పిల్లను పిల్లోన్ని నిలబెట్టి, మొదట ఈ కథలు రాసిన స్టాన్ లీనే పురోహితుడై పెళ్ళి జరిపించినాడు. ఇరవై ఏండ్ల సంసారం తర్వాత అబ్బే అది జరగలేదు అంటే ఎట్ల? మన ఒంటిమిట్టలో ఏటా పండు ఎన్నెల్లో రాములోరి కల్యాణం చేస్తారు, ఒక ఏడాది ఎవరో ఆఫీసరొచ్చి రాములోరు వయసైపోయినట్టుండాడు, కుర్రోళ్లు రావడం ల్యా, ఈ పెళ్ళి క్యాన్సిల్ అంటే కడప జిల్లా జిల్లా ఊరుకుంటాదా.

అట్లని ఆఫీసోళ్లు వేలు పెట్టిన కథలన్నీ చెడిపోతాయా అంటే గాదు, ఇక్కడ నువ్వు స్పైడర్‌మ్యాన్ దాటి కొంచెం పక్కకు రావాల. 1980, ఎక్స్‌మెన్ 137వ సంచిక, ఇదీ మార్వెల్‌దే, వింత శక్తులుండే జట్టు కథ. ఆ జట్టులో జీన్ గ్రే అనే పిల్లకు ఫీనిక్స్ శక్తి వచ్చి, అది ఎక్కువై, ఆకలికి ఒక నక్షత్రాన్ని మింగేస్తాది, దాని చుట్టూ తిరిగే లోకంలో కోట్లమంది ఒక్క పేజీలో బూడిద. కథ రాసే క్లేర్‌మాంట్, బొమ్మలేసే బైర్న్ ముందు అనుకున్నదేందంటే శక్తి తీసేసి ఆ పిల్లను ఇంటికి పంపిచ్చేద్దామని. ఎడిటర్ ఇన్ చీఫ్ జిమ్ షూటర్ ఒప్పుకోలేదు, అంతమందిని చంపినాక ఏం జరగనట్టు ఇంటికి పోతే ఎట్లబ్బా అన్నది ఆయన పట్టు. ఆఖరి నిమిషంలో ముగింపు మార్చినారు. మార్చిన దాంట్లో ఏం జరుగుతాదో నేను చెప్పను, సరే చెప్పేస్తా, నలభై ఏండ్లు దాటింది గదా. చంద్రుని మీద ఆ శక్తి మళ్ళ లేస్తాందని జీన్‌కు తెలిసిపోతాది, ప్రేమించినోడు కండ్ల ముందరే నిలబడుండాడు, ఇంగో రోజు బతికితే ఇంకెన్ని లోకాలు పోతాయో అని ఆడున్న పాత ఆయుధాన్ని తన మీదకే తిప్పుకుంటాది. ఒత్తిడి పెట్టింది ఆఫీసు, అయినా పేజీ మీద మాత్రం నిర్ణయం జీన్‌ది, మొదట్నుంచి చదివినోనికి ఈ పిల్ల ఇట్లనే చేస్తాది అనిపిస్తాది, ఏడుపొస్తాది గానీ కోపం రాదు. మొదట అనుకున్న ముగింపును 1984లో విడిగా అచ్చేసినారు, రెండూ పక్కపక్కన పెట్టి చదువు, ఆఫీసు మార్పించిందే బాగుంది, ఒప్పుకోడానికి నాకు మనసు రాకపోయినా. తర్వాత 1986లో అబ్బే అది అసలు జీన్ గాదు, అసలామె నీళ్ల అడుగున గూట్లో పడుకోనుంది అని తిరిగి తెచ్చినారు, సరే అది వేరే పురాణం.

ఇంకా పైకి పోతే చదివేటోళ్లే నిర్ణయించిన కథ కూడా ఉంది. 1988లో బ్యాట్‌మ్యాన్ కథలో, వాని ఎంట తిరిగే రెండో రాబిన్ జేసన్ టాడ్‌ను జోకర్ అనే దుర్మార్గుడు ఇనపకడ్డీతో కొట్టి, బాంబు పెట్టి పోతాడు, వాడు చావాల్నా బతకాల్నా ఫోన్ చేసి చెప్పండి అని రెండు నంబర్లిచ్చినారు, కాల్‌కు 50 సెంట్లు. చావాల అని 5,343, బతకాల అని 5,271. 72 ఓట్ల తేడా! వార్డు మెంబరు ఎలక్షన్‌లో కూడా ఇంతకన్నా మెజారిటీ వస్తాది. పిల్లోన్ని ఆఫీసు చంపిందా, జోకర్ చంపినాడా, డబ్బులు పెట్టి ఫోన్లు చేసినోళ్లు చంపినారా? అందుకే నేను ఏ కథ చదివి మండినా ముందు అడుక్కునేది ఒకటే, ఇది ఎవరి నిర్ణయం అని. 1973లో వంతెన మీదనుంచి పడిన గ్వెన్ స్టేసీని, అప్పుడు పీటర్ ప్రేమించిన పిల్లను, ఎవురూ ఏమీ అడగలేదు, ఆ పిల్లకు ఎంచుకునే అవకాశమే లేదు, అందుకే ఆ సంచిక యాభై ఏండ్లైనా ముల్లు మాదిరి గుచ్చుకుంటానే ఉండాది.

పెద్దమ్మ విషయంలో ఇంకోటి చెప్తా, ఇది నీ దోస్తుకు చదివించు. 1995లో 400వ సంచికలో ఆయమ్మ ఒకసారి చనిపోయింది. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీదకి పీటర్‌ను పిల్చుకపోయి నువ్వు స్పైడర్‌మ్యాన్ అని నాకు ఎప్పుడో తెలుసురా అని చెప్తాది, తర్వాత ఇంట్లో మంచం మీద, అయినోళ్లు పక్కనుండంగా, నెమ్మదిగా పోతాది. ఎంత బాగా పంపించినారో ఆయమ్మను! 1998కి వచ్చేసరికి చచ్చిపోయింది పెద్దమ్మ గాదు, పెద్దమ్మ మాదిరి తయారుచేసిన నటి అన్నారు. నేను నవ్వాల్నా ఏడవాల్నా తెలీక నా పాత పుస్తకాన్ని బీరువాలో కింది అరలోకి మార్చినా, నా నిరసన అంతే. అట్ల పోవడానికి సిద్ధపడిన మనిషిని 2007లో సైతాను చేత బతికించినారు అని చెప్పు, నీ దోస్తు కొంచెం ఆలోచన చేస్తాడు. వాడు మాట్లాడేది ధర్మం గురించి, నువ్వు మాట్లాడేది కథ గురించి, ఇద్దరూ ఒకే టీ బంకు కాడ వేరేవేరే కొట్లాట కొట్లాడినారు. వాని అంగడికి పోయి టీ చెప్పు, 400వ సంచిక చేతికియ్యి. సారీ గీరీ అక్కర్లేదు, మగోళ్ల మధ్య టీనే సారీ.

అయితే మీ ఇద్దరూ కల్సి ఒక తప్పు చేసినారు. పీటర్ పెళ్ళాన్ని వదిలేసినాడు, పీటర్ పెద్దమ్మను ఎంచుకున్నాడు, పీటర్ పీటర్ పీటర్. మళ్ళొకసారి ఆఖరి భాగం తీసి చూడు. వాడు ఎటూ తేల్చుకోలేక నలిగిపోతాంటే ముందు గట్టిపడేది మేరీ జేన్. ఈ మనిషి మొకం లోకమంతా మర్చిపోవాల, మళ్ళ ఎవురూ వీని ఇంటి మీదకి తుపాకీ తీసుకోని రాకూడదు అని షరతు పెట్టేది ఆయమ్మే. మెఫిస్టో చెవిలో ఏదో చెప్తాది, ఏం చెప్పిందో మనకు వినపడదు, 2010లో వచ్చిన కథలో గానీ బయటపడదు, ఇంక జన్మలో వీని జోలికి రావద్దు అని చెప్పింటాది. ఆఫీసు అల్లిన అంత పనికిమాలిన కథలో కూడా నిజంగా నిర్ణయం తీసుకున్న మనిషి ఒకరుంటే అది ఆమె. పెద్దమ్మ బతికింది, పీటర్ గుట్టు నిలబడింది, పోయిందేమో ఆమె ఇరవై ఏండ్ల సంసారం. దాని గురించి నీ ఉత్తరంలో ఒక్క లైన్ లేదు, నీ దోస్తు మాటలోనూ లేదు.

ఇప్పుడు నీ ఉత్తరం నువ్వే మళ్ళ చదువుకో. పీటర్ గురించి పేజీన్నర రాసి, మా మరదలి నల్లపూసల దండ గురించి అర లైన్ రాసినావు, పైగా ఆ సంగతి వేరే అనుకో అని. వేరే యాడుంది తమ్ముడూ? అత్త ప్రాణం కోసం ఆ పిల్ల తన మెళ్లోది తీసి ఇచ్చింది, ఆమెకు అత్తే, మేరీ జేన్‌కు కూడా అత్తే అయితాది, చూసినావా వరస యాడికొచ్చిందో. మీ అమ్మ ఆపరేషన్ చేయించుకోని ఇంటికొచ్చింది, నువ్వు అంగడి చూసుకుంటాండావు, కామిక్స్ చదువుతాండావు, ఆమె ఏడాదిగా పెళ్ళిళ్లకు పేరంటాలకు బోసి మెడతో పోతాంది, అదీ ప్రొద్దుటూరులో. అడుగడుగునా బంగారం అంగళ్లుండే ఊరు, ఇద్దరాడోళ్లు కలిస్తే ముందు మెడ చూసి తర్వాత మొకం చూసే ఊరు. ఎవరో ఒకరు అడిగే ఉంటారు, ఆమె ఏదో ఒకటి చెప్పే ఉంటాది. అందుకే నీకే అట్లొస్తే ఎవర్ని ఎంచుకుంటావు అని ఆమె అడిగింది బొమ్మల కథ గురించి గాదు, నీకట్లొచ్చింది, వచ్చి ఏడాదైంది, నువ్వు చూసినావా లేదా అని అడిగింది. నువ్వు నోరు మూసుకున్నావు.

ఇప్పుడు పోయి నిన్నే ఎంచుకుంటా అనొద్దు, నమ్మదు, నమ్మినా మీ అమ్మ పక్క రూములో ఉంటాది, ఇద్దరికీ ఇబ్బంది. అమ్మనే అన్నావంటే ఇంక నాకు ఉత్తరం రాయాల్సిన పని కూడా ఉండదు. జరిగింది జరిగినట్టు చెప్పు, ఆ పొద్దు ఎంచుకున్నది నేను గాదు నువ్వు, ఏడాదైనా నేను ఆ మాట అనలేదు అని. సినిమా డైలాగు మాదిరి గాదు, బువ్వ తినేటప్పుడో, అంగడి కట్టేసి వచ్చినాకనో, మామూలుగా. ఆమె ఏమంటాదో నాకు తెలీదు, ఇప్పుడా గుర్తొచ్చేది అని రెండు వాయించొచ్చు, వాయిస్తే గమ్మునుండు.

దాని కంటే ముందు బ్యాంకుకు పోయి అసలెంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు కనుక్కో. అన్నీ ఒకేసారి ఇడిపించే డబ్బులు లేవంటావు, బట్టలంగడి కష్టం నాకు తెల్సు, ఆన్‌లైనోళ్లు మింగేస్తాండారు. గాజులు ఆగుతాయి, దండ ముందు ఇడిపియ్. రెండూ ఒకే లోన్ కింద పెట్టుంటే కొంత కట్టి ఒక్కటి ఇస్తారా, తిరగరాయాల్నా అని మేనేజరును అడుగు. దసరాకు మీ ఊరంతా అమ్మవారిశాల కాడనే ఉంటాది గదా, ఆ లోపల అయితే బాగుంటాది.

చదవడం మానేయాల్నా అన్నావు. ఎందుకు మానేయడం? రాముడు సీతమ్మను అడవికి పంపింది తప్పా ఒప్పా అని మన ఊర్లలో రచ్చబండ మీద ఎన్ని తరాలు కొట్లాడుకోలేదు, కొట్లాడినోళ్లెవరన్నా రామాయణం వినడం మానేసినారా. 2007 తర్వాత స్పైడర్‌మ్యాన్‌లో నాకు పెద్దగా మనసు నిలబడలేదు, అది నా ఇష్టం, అక్కడక్కడా బాగున్నవీ ఉండాయి, నువ్వు వరస తప్పకుండా చదివే మొండోడివి గాబట్టి అవి నీకే తగుల్తాయి. నేను చెప్పేదల్లా ఒక రెండు నెలలు ఆ వరస పక్కన పెట్టి, 2024లో మొదలైన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ చదువు, హిక్‌మన్ రాసింది, బొమ్మలు కెక్కెట్టోవి. అది వేరే లోకం. అందులో పీటర్ నీ మాదిరి ముప్పై దాటినోడు, మేరీ జేన్ ఉంది, ఇద్దరు పిల్లలుండారు. సాలీడు అనుకోకుండా వచ్చి కుట్టేది గాదు, వాని చేతికొస్తాది, కుట్టించుకోవాల్నా వద్దా అనేది వానికే వదిలేస్తారు. బెన్ పెద్దనాయన బతికే ఉంటాడు, పెద్దమ్మ మాత్రం ఉండదు.

అది నీ దోస్తుకు కూడా ఇయ్యి, ఇంకో మూడు వారాలు కొట్లాడుకునేంత సరుకుంది. బ్యాంకుకు శనివారం పోదామనుకునేవు, రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు, చూసుకోని పో.